నెల్లూరులో ఒక ఏడాది: ఎరువు డబ్బాలు, దోమలు, అరవై స్టీలు ప్లేట్లు

ప్లాస్టిక్, చెత్త తగ్గించుకుని ఏడాది పాటు బతికి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, పక్కిళ్లవాళ్లు కలిసొచ్చారా, చివరికి ఏం మిగిలింది అని ఒకరు అడిగారు. నేను 2024 ఉగాది నుంచి 2025 ఉగాది దాకా చేశాను. మాది నెల్లూరు, వేదాయపాళెం వైపు ఒక చిన్న సందు. మొత్తం ఇరవై రెండు ఇళ్లు. సగం మొదలుపెట్టి మానేశాను, ముందే చెప్తున్నా. ఏసీ మానలేదు. మే నెలలో నెల్లూరులో ఉన్నవాళ్లెవరూ నన్ను తప్పుపట్టరు. పాల ప్యాకెట్లకు దారి దొరకలేదు, కడిగి ఆరబెట్టి పాతసామాన్ల అతనికి వేస్తున్నాను, అంతే. కుంకుడుకాయలతో గిన్నెలు తోముతానంటే మా అత్తయ్య నవ్వి, "నేను నలభై ఏళ్లు తోమాను, ఇక నువ్వు తోముకో" అని లేచి వెళ్లిపోయారు. నాలుగో రోజుకే మళ్లీ సబ్బు కొన్నాను.

నిలిచిన వాటిలో మొదటిది ఎరువు. ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను చూసిన వీడియోలన్నీ హైదరాబాదు, బెంగళూరు వాళ్లవి. వాళ్ల వానలు వేరు, మన వానలు వేరు. మనకు జూన్, జూలైలో ఏదో నాలుగు జల్లులు పడతాయి గానీ, అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలుసు, ఎరువు డబ్బాలు పెట్టేటప్పుడు మాత్రం గుర్తురాలేదు.

ఇరవై లీటర్ల పెయింటు డబ్బాలు రెండు తెచ్చి, చుట్టూ, అడుగున రంధ్రాలు వేయించి మేడ మీద పెట్టాను. కూరగాయ తొక్కలు ఒక వంతు వేస్తే, పైన ఎండిన సరుకు (ఎండాకులు, రంపపు పొట్టు లాంటివి) రెండు వంతులు వేయాలి. వారానికోసారి కలపాలి, పులిసిన మజ్జిగ కాస్త చల్లాలి. వేసవంతా బాగానే నడిచింది. మధ్యలో తెల్లటి లావు పురుగులు పడితే భయపడి ఒక డబ్బా మొత్తం పారబోశాను. ఆ పురుగులు ఏమీ చేయవనీ, చెత్తను తిని పెట్టడమే వాటి పని అనీ తర్వాత తెలిసింది. పైన ఎండిన పొర మందంగా వేసి మూత సరిగా పెడితే చాలు.

అక్టోబరు మధ్యలో వాయుగుండం వచ్చింది. రెండు రోజులు వదలకుండా వాన. మూడో రోజు మేడ ఎక్కి చూస్తే డబ్బాల నిండా నల్లటి నీళ్లు, వాటి మీద నారింజ తొక్కలు తేలుతున్నాయి. రంధ్రాలన్నీ మట్టితో మూసుకుపోయాయి. కింద వాటాలో అద్దెకున్నవాళ్లు, "ఆంటీ, ఎక్కడో ఎలుక చచ్చినట్టుంది" అని మర్యాదగా చెప్పారు. ఎలుక కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ రాత్రి మా ఆయన, నేను టార్చిలైటు వెలుతురులో రెండు డబ్బాలూ వంచి నీళ్లు తీశాం. ఆయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ భయమేసింది.

తర్వాత చేసింది ఇది: డబ్బాలను మూడేసి ఇటుకల మీదికి ఎక్కించాను. పైన ఏటవాలుగా పాత ఫ్లెక్సీ కట్టాను (ఎన్నికలైన ఏడాది కదా, ఫ్లెక్సీలకు కరువా). ఎండిన సరుకు లేదు గనుక రంపపు పొట్టు తెచ్చి కలిపాను. వాసన పది రోజుల్లో పోయింది.

ఎండిన సరుకు ఎందుకు లేదంటే, మా వీధిలో వేపచెట్లు, కానుగచెట్లు ఆకు రాల్చేది ఫిబ్రవరి, మార్చిలో. నేను మొదలుపెట్టింది ఉగాదికి, అప్పటికి కొత్త చిగుళ్లు వచ్చేశాయి. ఆకు దొరికేది శివరాత్రికి, అవసరం పడేది దీపావళికి. కాబట్టి మీరు నెల్లూరు, ఒంగోలు వైపు ఉంటే ముందు ఆకులు మూటగట్టి దాచుకోండి, డబ్బాలు ఆ తర్వాత కొనుక్కోవచ్చు.

ఆ ఆకుల దగ్గరే పక్కిళ్లవాళ్ల కథ మొదలైంది. మా ఎదురింటి అవ్వకు ఎనభై దాటాయి. రాలిన ఆకులన్నీ వాకిట్లో కుప్పచేసి సాయంత్రం నిప్పు పెడుతుంది. వీధి ఊడ్చే ఆమె కూడా మలుపులో అదే పని చేస్తుంది, బండి దాకా మోయడం ఎవరికైనా కష్టమే. నేను వెళ్లి పొగ ఆరోగ్యానికి మంచిది కాదు, ఆకులు కాల్చకూడదు అని మొదలుపెట్టాను. అవ్వ ఆసాంతం విని అడిగింది: "ఏందమ్మాయ్, పొగ బెట్టకుంటే దోమలు నిన్ను కుడతాయా, నన్ను కుడతాయా? సాయంకాలం గడప మీద కూర్చునేది నేను."

నెల్లూరు దోమల గురించి బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. అవ్వ మాటకు నా దగ్గర జవాబు లేదు. పైగా వానాకాలంలో నేనే మొక్కల కోసం ఒక డ్రమ్ములో వాననీళ్లు పట్టి మూత వేయడం మరిచిపోతే, వారం తిరిగేసరికి అందులో తోకపురుగులు గిలగిలలాడాయి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త చూసి, వీధంతా వినపడేలా చివాట్లు పెట్టింది. డెంగీ దోమ నిలిచిన మంచినీళ్లలో కూడా గుడ్లు పెడుతుందనీ, వారానికోసారి నీళ్లు పారబోసి అంచులు రుద్ది కడగాలనీ, లేదా పాత పంచె రెండు మడతలు వేసి గట్టిగా కట్టాలనీ ఆమె చెబితే బుద్ధిగా విన్నాను. కుండీల కింద పెట్టిన పళ్లాలకూ అదే లెక్క. కాబట్టి దోమల విషయంలో అవ్వకు నీతులు చెప్పే స్థితిలో నేను లేను.

మరుసటి రోజు వెళ్లి వాదించకుండా, "ఆకులు నాకిస్తావా అవ్వా?" అని అడిగాను. "ఒక చట్టికి సరిపడా వేపాకు నాకు ఉంచి తీసుకుపో" అంది. వీధి ఊడ్చే ఆమెకైతే మోత తప్పింది, సంతోషంగా మా గేటు దగ్గరే కుప్పపోసింది. పాతిక కిలోల బియ్యం సంచులు ఇంటింటా అడిగి తెచ్చి, ఆ మార్చి చివరికి తొమ్మిది సంచుల ఎండాకు కూరాను. సంచులు ఇచ్చినవాళ్లలో నలుగురు, "ఎందుకంట?" అని మేడ మీదికి చూడటానికి వచ్చారు. ఇద్దరు ఇప్పుడు ఎరువు చేస్తున్నారు. నేను వాట్సాప్‌లో పంపిన వీడియోలు మాత్రం ఒక్కరు కూడా తెరవలేదు.

వినాయకచవితికి ఓడిపోయాను. మట్టి విగ్రహమే పెట్టాలని వీధి కుర్రాళ్లకు అరగంట క్లాసు పీకాను. సరే ఆంటీ అన్నారు, పోయినేటి కంటే అడుగు పెద్దది ప్లాస్టర్ బొమ్మ తెచ్చారు. చందా మాత్రం ఇచ్చాను, ఏం చేస్తాం.

చేపల కొట్టుకు స్టీలు డబ్బా తీసుకెళ్లడం చిన్న విషయమే, కానీ ఒక చిట్కా. ముందు ఖాళీ డబ్బాను కాటా మీద పెట్టించి సున్నా చేయించండి, లేకపోతే డబ్బా బరువుకు కూడా కొరమీను ధర కడతారు.

ఇక ప్లేట్లు. వీధిలో ఏ పుట్టినరోజు జరిగినా మర్నాడు మలుపులో థర్మాకోల్ ప్లేట్ల గుట్ట, వాటి చుట్టూ కుక్కలు. 2022 జూలై నుంచి దేశమంతటా వాటిని నిషేధించారు, అయినా వస్తూనే ఉన్నాయి. అందరం కలిసి స్టీలు ప్లేట్లు కొనుక్కుందామంటే పద్దెనిమిది ఇళ్లు తలా నాలుగు వందలు వేశాయి. మొత్తం 7,200. ప్లేటు, గ్లాసు కలిపి 120 చొప్పున అరవై జతలు వచ్చాయి.

కొన్నది ఒక ఎత్తు, పేరు కొట్టించడం ఒక ఎత్తు. స్టీలు సామాను మీద పేరు లేకపోతే అది ఎవరిదీ కాదు, మన ఇళ్లలో సంగతి తెలిసిందే. ఎవరి పేరు కొట్టించాలి? డబ్బులు పోగు చేసిన ఆయన తన పేరు అన్నాడు. ఇద్దరు ఇల్లాళ్లు గుడి పేరు అన్నారు, గుడి పేరు మీద ఎంగిలి ఎలా తింటారని ఇంకొకరు. రెండు ఆదివారాలు దీనికే పోయాయి. చివరికి "మూడో వీధి" అని మాత్రం కొట్టించాం.

మొదటిసారి వాడినప్పుడు కడిగే దగ్గర పేచీ వచ్చింది. నాలుగిళ్లలో పనిచేసే ఆమె మూడు వందలు అడిగింది, న్యాయమే. "ఆ డబ్బుతో కాగితం ప్లేట్లే వచ్చేవి కదా" అని పుట్టినరోజు వాళ్లు. నిజమే, పైసల లెక్కలో మా పథకం గెలవలేదు. ఇప్పుడు వాడుకున్నవాళ్లు సగం, వీధి డబ్బులోంచి సగం ఇస్తున్నాం. ఆమె వచ్చే నెల ఐదు వందలంటే మళ్లీ కూర్చోవాలి.

ఏడాది చివర లెక్క చూస్తే ప్లేట్లు యాభై ఎనిమిదే ఉన్నాయి. ఒకటి కావలి నుంచి తిరిగొచ్చింది. ఎవరో చుట్టాలు కూరతో పాటు తీసుకెళ్లి, ఉత్త పళ్లెం పంపకూడదని అరిసెలు పెట్టి పంపారు. రెండోది దొరకలేదు. దాని బదులు దొంతరలో వేరే ప్లేటు ఒకటి చేరింది, అంచున ఎవరిదో పెళ్లి తేదీ కొట్టి ఉంది, 1987. ఇల్లిల్లూ తిరిగి అడిగాం, మాదంటే మాదని ఎవరూ అనలేదు. ప్రస్తుతానికి అదే అరవయ్యోది.