శిథిలాలు, మ్యూజియంలు, లోయలు: పెద్ద కారు ప్రయాణంలో అన్నీ కలగాపులగం కాకుండా ఎలా చూడాలి?

అమెరికా నైరుతిలోని ఆల్బుకర్కీలో కారు తీసుకుని, పాత ఆదివాసీ ఊళ్ల శిథిలాలున్న చాకో, మెసా వర్డే, ఆ తరవాత కాన్యన్ డి షే లోయ, పెట్రిఫైడ్ ఫారెస్ట్, ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా గ్రాండ్ కాన్యన్ చేరాలన్నది మీ ఆలోచన. ఇన్ని పాత ఊళ్లు, పార్కులు వరసగా చూస్తే చివరికి అన్నీ ఒకేలా అనిపించవా, మ్యూజియం ముందు చూడాలా స్థలం ముందా, వీటిలో ఏది వదిలేయవచ్చు అని అడిగారు. ఇదే దారిలో మేము కుటుంబంతో తిరిగాం. కొన్నిచోట్లకు మళ్లీ ప్రత్యేకంగా వెళ్లాం కూడా. మొదటి ప్రశ్నకు ఎక్కువ చెబుతాను. అది తేలితే మిగతా రెండూ సగం తేలినట్లే.

మీ అనుమానం నిజమే. రాతి గోడ, గుండ్రటి కీవా (నేలలోకి దించి కట్టిన పూజల గది), పక్కన సమాచార ఫలకం, మళ్లీ రాతి గోడ. నాలుగో చోటికి వచ్చేసరికి ఏది ఎక్కడ చూశామో గుర్తుండదు. చూసే చోట్లు తగ్గించుకోవడం మంచిదే కానీ అదొక్కటే చాలదు. ఏదో ఒక ప్రశ్న ఎంచుకుని, ఆగిన ప్రతిచోటా దాన్నే అడగండి. మాకు ఆ ప్రశ్న మా అమ్మాయి దగ్గర నుంచి వచ్చింది. చాకోలో ప్యూబ్లో బొనీతో అనే పెద్ద కట్టడం గోడల మధ్య నిలబడి రేంజర్ (పార్కు ఉద్యోగి) ‘ఈ కట్టడం క్రీ.శ. 850 ప్రాంతంలో మొదలైంది’ అని చెబుతుంటే, ‘అప్పుడు రాసిపెట్టినవాళ్లు లేరు కదా, మీకెలా తెలుసు?’ అంది. ఆయన నవ్వి, గోడలోంచి పొడుచుకువచ్చిన దూలం కొస చూపించాడు.

ఆ దూలమే అక్కడి పంచాంగం. చెట్టు ఏటా ఒక వలయం వేస్తుంది. వాన బాగా పడిన ఏడు వలయం వెడల్పుగా, కరవు ఏడు సన్నగా ఉంటుంది. ఒకే ప్రాంతంలో పెరిగిన చెట్లన్నిటిలో ఈ సన్న, వెడల్పు వరస ఒకేలా కనిపిస్తుంది. ఇప్పటి చెట్టు నుంచి మొదలుపెట్టి, దానికంటే ముందు నరికిన చెట్టుతో వరస కలుపుకుంటూ వెనక్కి వెళ్లవచ్చు. ఈ పద్ధతిని నిలబెట్టిన ఏ.ఈ. డగ్లస్ పురావస్తు శాస్త్రవేత్త కాదు, ఖగోళ శాస్త్రవేత్త. 1894లో ఫ్లాగ్‌స్టాఫ్‌లో లోవెల్ వేధశాలకు చోటు ఎంచడానికి వచ్చిన మనిషి. సూర్యుడి మచ్చల పదకొండేళ్ల చక్రం జాడలు చెట్లలో దొరుకుతాయేమోనని వలయాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. చాలా కాలం ఆయన దగ్గర రెండు వరసలు విడివిడిగా ఉండిపోయాయి. ఒకటి ఇప్పటి నుంచి వెనక్కి వెళ్లేది, రెండోది శిథిలాల దూలాలతో కూర్చినది. రెండింటికీ మధ్య ఖాళీ. 1929లో అరిజోనాలోని ‘షో లో’ అనే ఊళ్లో కాలి బొగ్గైన ఒక దూలం ముక్క దొరికింది. దానికి హెచ్‌హెచ్-39 అని గుర్తు వేశారు. ఆ ముక్కతో రెండు వరసలూ కలిశాయి. అంతవరకు ‘చాలా పాతవి’ అనుకున్న ఊళ్లకు ఒక్కసారిగా సంవత్సరాలు వచ్చాయి.

చాకోలో ఆ దూలాల కథ ఇంకా ఉంది. చుట్టూ చూస్తే ఎడారే. అక్కడి పెద్ద కట్టడాలకు రెండు లక్షలకు పైగా చెట్లు వాడారని అంచనా. చాలావరకు డెబ్బై అయిదు కిలోమీటర్లకు పైగా దూరంలోని కొండల నుంచి తెచ్చినవే. చక్రాల బండి లేదు, బరువు లాగే పశువు లేదు. మనుషులే మోశారు. దూలాల వైపు చూడకపోతే నాకు చాకో గోడల ఎత్తు తప్ప ఇంకేమీ గుర్తుండేది కాదు.

అదే ప్రశ్నతో మెసా వర్డే వెళ్లండి. అక్కడి కొండగూటి ఇళ్లు, అంటే కొండ చరియల్లోని గుహల్లాంటి గూళ్లలో కట్టినవి, ఎక్కువగా 1190ల నుంచి 1270ల మధ్య కట్టినవని దూలాలు చెబుతాయి. 1276 నుంచి 1299 వరకు పెద్ద కరవు ఉందనీ అవే చెబుతాయి. 1300 నాటికి అక్కడ ఎవరూ మిగలలేదు. కరవు ఒక్కటే కారణమని ఎవరూ అనరు, కానీ ఆ ఇరవై మూడేళ్ల వలయాలు వెంట్రుక మందాన ఊహించుకుంటూ నడిస్తే ఆ ఇళ్లు వేరేగా కనిపిస్తాయి. వాటిలో పెద్దదైన క్లిఫ్ ప్యాలెస్‌లో సుమారు 150 గదులున్నాయి. చదరపు బురుజు దగ్గర వంగి లోపలి నుంచి పైకి చూడనిస్తారు. లోపలి పూత మీద ఎరుపు రంగు ఇంకా నిలిచి ఉంది. నన్ను కట్టిపడేసింది రంగు కాదు. రాళ్ల మధ్య మట్టిలో గుచ్చిన చిన్న చిన్న రాతి పలుకులు, వాటి పక్కనే మట్టిని అదిమిన వేళ్ల ముద్రలు. అందులో కొన్ని ముద్రలు చాలా చిన్నవి. గుంపు ముందుకు వెళ్తుంటే మీరు గుంపు చివర ఉండండి, అవి కనిపిస్తాయి.

పెట్రిఫైడ్ ఫారెస్ట్‌లో కూడా ఎటు చూసినా చెట్లే, కాకపోతే అవి రాళ్లయిన చెట్లు. పిల్లలు పరుగెత్తుకెళ్లి వలయాలు లెక్కపెట్టబోతారు. వాటి వయసు ఇరవై కోట్ల ఏళ్లకు పైమాటే కాబట్టి ఇప్పటి చెట్టు వరకు కలుపుకుంటూ వచ్చే వరస లేదు. అక్కడ వయసు చెప్పేది చెట్టు కాదు, అది పడి ఉన్న మట్టి పొర. ఆ పొరల్లో కలిసిన అగ్నిపర్వత బూడిదలో జిర్కాన్ అనే సన్నని స్ఫటికాలుంటాయి. వాటిలో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి లెక్క కడతారు. ఈ సంగతి తెలిశాక అక్కడి ‘పశ్చాత్తాపం గుట్ట’ అర్థమవుతుంది. జేబులో వేసుకుపోయిన రాతి ముక్కలను, మనసు ఒప్పక, క్షమాపణ ఉత్తరాలతో జనం ఏళ్ల తరబడి తిప్పి పంపుతున్నారు. వాటిని తిరిగి నేల మీద పెట్టడం కుదరదు. ఏ పొర మీద నుంచి తీశారో తెలియదు కాబట్టి ఎక్కడ పెట్టినా అది తప్పుడు సాక్ష్యమే అవుతుంది. అందుకే ఒకచోట గుట్టగా పోస్తారు. అక్కడ చదివిన ఉత్తరాల గురించి మా పిల్లలు ఇప్పటికీ మాట్లాడతారు. దయచేసి చిటికెడు రాయి కూడా తీయవద్దు, పిల్లల జేబులు కూడా ఒకసారి చూడండి.

ఇక గ్రాండ్ కాన్యన్. చాలామంది అంచున నిలబడి ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. మీరు దక్షిణపు అంచున ఉన్న యవపాయ్ భూగర్భ మ్యూజియం నుంచి పడమరగా ‘ట్రెయిల్ ఆఫ్ టైమ్’ మీద నడవండి. నేలలో మీటరుకొకటి చొప్పున కంచు బిళ్లలు పొదిగారు. ఒక మీటరు అంటే పది లక్షల ఏళ్లు. కొలరాడో నది ఈ లోయను ఇప్పటి రూపంలో తొలిచింది గత అయిదారు మీటర్లలోనే. మీ కాళ్ల కింద ఉన్న కైబాబ్ సున్నపురాయి 270 మీటర్ల దగ్గర వస్తుంది. ఏ రాయి ఎప్పుడు పుట్టిందో ఆ కొలత దగ్గరే దాని నమూనాను నిలబెట్టారు, చేత్తో తాకవచ్చు. అన్నిటికంటే పాతది 1,840 మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే 184 కోట్ల ఏళ్లు. అక్కడ మేము లెక్క వేసుకున్నాం: ఈ కొలతలో వెయ్యేళ్లు ఒక మిల్లీమీటరు. మెసా వర్డేలో మనుషులు ఊళ్లు కట్టుకుని బతికిన ఏడు వందల ఏళ్లు ఒక మిల్లీమీటరుకు కూడా రావు. రోజుల తరబడి చూసిన ఊళ్లన్నీ ఆ దారిలో గోరు అంచులో ఇమిడిపోతాయి. మొదటి రోజే అక్కడికి వెళ్లి ఉంటే మాకు ఈ లెక్క తట్టేది కాదు, కాబట్టి మీరు గ్రాండ్ కాన్యన్‌ను చివర పెట్టుకోవడం చాలా బాగుంది.

మీ ప్రశ్న ఇదే కావాలని లేదు. నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు అన్నదైనా బాగుంటుంది. కొండగూళ్లను తొలిచిందీ, వాటి వెనక ఊటగా కారిందీ నీరే. ప్రశ్న మాత్రం ఒకటే ఉండాలి.

మ్యూజియం ముందా తరవాతా అంటే, స్థలం పక్కనే ఉన్న చిన్న మ్యూజియం ముందు, నగరంలోని పెద్దది తరవాత. దీనికి ఒక్క మినహాయింపు. ఆల్బుకర్కీలోని ఇండియన్ ప్యూబ్లో కల్చరల్ సెంటర్‌ను కారు తీసుకున్న రోజే చూడండి. న్యూ మెక్సికోలోని 19 ప్యూబ్లోల (ఆదివాసీ ఊళ్ల) వారు కలిసి నడిపే సంస్థ అది. మీరు చూడబోయే ఊళ్లు కట్టినవారి వారసులు ఇక్కడే ఉన్నారని, ఆ స్థలాలు వారికి ఇప్పటికీ పవిత్రమని ముందే తెలుస్తుంది. ఆ తరవాత గోడ ఎక్కి ఫోటో దిగాలని ఎవరికీ అనిపించదు.

మెసా వర్డే విషయంలో ఇంకో సంగతి. 1891లో గుస్తాఫ్ నార్డెన్‌షోల్డ్ అనే స్వీడన్ యువకుడు అక్కడ తవ్వి, దొరికినవాటిని పెట్టెలకెత్తించాడు. అరెస్టు చేశారు కానీ ఆపడానికి అప్పట్లో చట్టం లేదు. ఆ వస్తువులు చివరికి ఫిన్లాండ్ జాతీయ మ్యూజియం చేరాయి. 1906లో పురావస్తువుల రక్షణ చట్టం, మెసా వర్డే జాతీయ పార్కు రెండూ రావడానికి ఇలాంటి ఘటనలే దారి తీశాయి. నార్డెన్‌షోల్డ్ ఆ వస్తువులతో పాటు తీసుకెళ్లిన ఇరవై మంది అవశేషాలు, సమాధి వస్తువులు 2020లో ఫిన్లాండ్ నుంచి తిరిగి వచ్చాయి. స్థలంలో గది ఖాళీగా కనిపిస్తే, అందులోవి ఎక్కడికి పోయాయని రేంజర్‌ను తప్పకుండా అడగండి.

ఏది వదలాలి? వాన సూచన ఉంటే చాకో వదిలేయండి. చివరి మైళ్లు మట్టిరోడ్డు, తడిస్తే కారు దిగబడుతుంది. లోపల పెట్రోలు, తిండి, ఫోన్ సిగ్నల్ ఏవీ ఉండవు. దానికి బదులు అజ్టెక్ రూయిన్స్ అనే పాత ఊరి శిథిలాలు చూడండి. మెసా వర్డే దారిలోనే ఉంది, ఊళ్లోనే, తారు రోడ్డు పక్కనే. అసలు చెక్కలతో పైకప్పులు నిలిచి ఉన్న గదులున్నాయి. 1934లో పునర్నిర్మించిన పెద్ద కీవాలోకి దిగి కూర్చోవచ్చు. పెద్దవాళ్లకు చాకో కంటే ఇదే సుఖం. కాన్యన్ డి షేకు ఒక పూట చాలు. పై అంచు రోడ్ల మీద తిరగడానికి ఎవరూ అక్కర్లేదు. లోయలోకి దిగాలంటే నవాహో తెగకు చెందిన మార్గదర్శి ఉండాలి, అక్కడ వారి కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. ఫ్లాగ్‌స్టాఫ్‌లో మిగిలిన పూటను సన్‌సెట్ క్రేటర్ అనే అగ్నిపర్వతానికి, వుపాట్కీ శిథిలాలకు ఇవ్వండి, రెండింటినీ కలిపే రోడ్డు ఒకటే.

మెసా వర్డేను మాత్రం సాయంత్రానికి పెట్టుకోవద్దు. గేటు నుంచి కొండగూళ్ల వరకు ముప్పావు గంట మెలికల రోడ్డు. క్లిఫ్ ప్యాలెస్‌కు రేంజర్ వెంటే వెళ్లాలి, ముందే టికెట్ ఉండాలి, నిచ్చెనలు ఎక్కాలి. ఆ చోటే ఏడు వేల అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆయాసం సహజం. మోకాళ్ల నొప్పులున్నవారిని పైనున్న వ్యూ పాయింట్ల దగ్గర కూర్చోబెట్టినా క్లిఫ్ ప్యాలెస్ మొత్తం కనిపిస్తుంది. స్ప్రూస్ ట్రీ హౌస్ రాళ్లు పడే ప్రమాదం వల్ల 2015 నుంచి మూసే ఉంది, దాన్ని దూరం నుంచే చూడాలి.

వేసవిలో వెళ్తుంటే గడియారం జాగ్రత్త. అమెరికాలో చాలాచోట్ల వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. అరిజోనా జరపదు, దాని లోపలి నవాహో నేషన్ (నవాహోల స్వపాలన ప్రాంతం) జరుపుతుంది, దాని మధ్యలో ఉన్న హోపీ తెగ ప్రాంతం మళ్లీ జరపదు. మీ దిశలో కాన్యన్ డి షే నుంచి పెట్రిఫైడ్ ఫారెస్ట్‌కు వస్తే గంట కలిసివస్తుంది. ఎదురు దిశలో ప్లాన్ మార్చుకుంటే గంట పోతుంది, టికెట్ సమయం కూడా పోతుంది. ఫోన్ తనంతట తాను మార్చుకునే సమయాన్ని నమ్మకుండా, రోజూ పొద్దున ఆ రోజు చేరాల్సిన చోటి సమయం చూసుకోండి. ముందు మెసా వర్డే టికెట్ తేదీ ఖాయం చేసుకోండి. దాని చుట్టూ మిగతా రాత్రుల బసలు సర్దుకోండి.