‘పాలియేటివ్‌కు రాశారు’ అంటే చేతులెత్తేసినట్టేనా?

ప్రశ్న: మా నాయనకు 61 ఏళ్లు, దవడ క్యాన్సర్. హైదరాబాద్‌లో ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. మళ్లీ మెడ దగ్గర గడ్డ వచ్చింది, కీమో నడుస్తోంది. ఈసారి పాలియేటివ్ కేర్‌కు కూడా రాశారు. ఇక లాభం లేదనేనా? మార్ఫిన్ వేస్తే మత్తుకు అలవాటు పడతాడని చుట్టాలు భయపెడుతున్నారు. నాయనకు రాత్రిళ్లు నిద్ర లేదు. – ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: మీ ఉత్తరంలో ‘కూడా’ అనే మాట ఉంది చూడండి. కీమో ఆపి పంపలేదు, కీమోతో పాటే రాశారు. నొప్పి, వాంతులు, మింగలేకపోవడం, పుండు వాసన, ఇంట్లోవాళ్ల టెన్షన్... ఇవన్నీ చూసుకునే వైద్యం ఇది. జబ్బు బయటపడ్డ నాటి నుంచే మొదలుపెట్టొచ్చు. మనవాళ్లు ఆఖరి వారంలో తీసుకొస్తారు. దాంతో అక్కడికి పోయినవాళ్లు తిరిగిరారన్న పేరు పడిపోయింది.

అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. మొదటి నుంచే ఈ వైద్యం అందినవాళ్లు సగటున రెండున్నర నెలలకు పైగా ఎక్కువే బతికారు. మీ నాయనకూ అదే లెక్క అని నేననను. కానీ ఆయుష్షు తగ్గుతుందన్న భయం మాత్రం వద్దు.

దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది, రొమ్ము మీద పుండు. వాసనకు మంచం పశువుల కొట్టంలో వేశారు. నొప్పి సంగతి కాదు, మనవరాలు దగ్గరికి రావట్లేదని ఏడ్చింది. పుండు కడిగి, మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి చల్లి కట్టు కట్టడం కోడలికి నేర్పించాం. వారం తిరక్కుండానే మంచం వసారాలోకి వచ్చింది.

ఇక మార్ఫిన్. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే వ్యసనంగా మారడం చాలా అరుదు. మామూలు మాత్ర దాదాపు 4 గంటలే పనిచేస్తుంది. అందుకే నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేయాలి. మొదట్లో కొన్ని రోజులు మగత, వికారం ఉంటాయి, తగ్గిపోతాయి. మలబద్ధకం మాత్రం వదలదు, విరేచనం మందు తోడుగా ఉండాల్సిందే. కల్లు, సారా దగ్గరికి రానివ్వద్దు. ఉన్నట్టుండి ఆపొద్దు. లేపినా లేవకపోయినా, ఊపిరి మెల్లగా ఆడుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 2014లో మత్తుమందుల చట్టం సవరించి నిబంధనలు సడలించినా, మార్ఫిన్ ప్రతి మెడికల్ షాపులో దొరకదు. చీటీ రాసిన చోటే అడగండి.

ప్రతిసారీ హైదరాబాద్ ఉరకక్కర్లేదు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం గురించి అడగండి. ఇంటికే వచ్చి ఈ వైద్యం చేసే ప్రభుత్వ ‘ఆలన’ బృందం మీ ఊరికి వస్తుందేమో కనుక్కోండి. వెళ్లేముందు మూడు రాత్రులు ఒక కాగితం మీద రాయండి: నాయన ఎన్నింటికి లేచాడు, నొప్పి పదికి ఎంత అన్నాడు, ఏ మాత్ర ఎప్పుడు వేశారు. మోతాదు సరిచేయడానికి అక్కడి డాక్టరు ముందు అడిగేది అదే.