తాతగారి పికప్‌కి పాత ఇంజనే కావాలంటే...

ప్రశ్న: మా తాతగారు 1968లో కొన్న మహీంద్రా ఎఫ్‌సీ-150 పికప్ మా దగ్గర ఉంది. దీనికి ముందు బానెట్ ఉండదు, ఇంజన్ డ్రైవరు పక్కనే రేకు మూత కింద ఉంటుంది. చాలా ఏళ్లుగా పాకలోనే పడి ఉంది. ఈమధ్య స్టార్ట్ చేయిస్తే కాసేపటికే రేడియేటర్‌లో బుడగలు వచ్చాయి, ఇంజనాయిల్ పాలు కలిపినట్టు అయిపోయింది. మా మెకానిక్ 'బ్లాక్ (సిలిండర్లుండే ఇంజన్ దిమ్మ) పోయింది, జీపు డీజిల్ ఇంజన్ ఎక్కించేద్దాం' అంటున్నాడు. నాన్నేమో పాత పెట్రోల్ ఇంజనే కావాలంటున్నారు. ఇంత పాత బండికి ఇంజన్ దొరుకుతుందా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నా ఓటు మీ నాన్నగారికే. ఇంజన్ కూడా దొరుకుతుంది. కాకపోతే 'ఎఫ్‌సీ-150 ఇంజన్ ఉందా' అని అడుగుతూ తిరిగితే ఎవరూ ఉందనరు. 'సీజే-3బీ జీపు పెట్రోల్ ఇంజన్' అని అడగండి. రెండింటిలోనూ ఉన్నది ఒకటే, అమెరికా జీపు కంపెనీ విల్లీస్ వాళ్ల హరికేన్ ఎఫ్-134. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు. మహీంద్రా వాళ్లు ఆ జీపును మన దేశంలో చాలా ఏళ్లు తయారు చేశారు, ఆర్మీ కూడా వాడింది.

అయితే కొనే ముందు మీ బ్లాక్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోండి. బుడగలు, పాలలాంటి ఆయిల్ చూసి బ్లాక్ పోయిందనడం తొందరపాటు. బ్లాక్ మీద మూతలా ఉండేది హెడ్. ఆ రెంటి మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయినా ఇవే లక్షణాలు. హెడ్ విప్పించండి. ఈ ఇంజన్లో ఇన్‌లెట్ వాల్వులు హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాక్‌లో ఉంటాయి. పగులు వస్తే ఎక్కువగా ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు దగ్గర మొదలై సిలిండర్ బోర్ (పిస్టన్ ఆడే రంధ్రం) వైపు పాకుతుంది. అక్కడ మసి గీకి, కిరోసిన్ పూసి, ఓ పది నిమిషాలాగి గుడ్డతో పొడిగా తుడవండి. తర్వాత సుద్దపొడి రుద్దండి. పగులుంటే లోపల మిగిలిన కిరోసిన్ పైకి ఊరి తెల్లటి సుద్ద మీద సన్నని తడి గీత పడుతుంది. గీత పడకపోయినా సంబరపడిపోకుండా మెషిన్ షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించండి. చిన్న పగులైతే మెటల్ స్టిచింగ్ (పగులు పొడవునా లోహపు మేకులు బిగించి మూయడం) చేసేవాళ్లున్నారు. బోర్ పాడైతే లోపల కొత్త గొట్టంలాంటి స్లీవ్ వేయించొచ్చు. వాల్వ్ సీటు, బోర్ రెండూ కలిపి చీలితేనే ఇంకో ఇంజన్ మాట.

ఎక్కడ వెతకాలంటారా? డీజిల్ చవకని ఒకప్పుడు జీపుల వాళ్లు పెట్రోల్ ఇంజన్లు దించేసి, ట్రాక్టర్ డీజిలో ప్యూజో డీజిలో ఎక్కించుకున్నారు. ఆ దించేసినవాటిలో కొన్ని ఇంకా పాత షెడ్లలో మూలన పడున్నాయి. కొత్త షాపుల్లో అడగడం దండగ, జుట్టు నెరిసిన జీపు మేస్త్రీలను పట్టుకోండి. విజయవాడ ఆటోనగర్ మీకు దగ్గరే, ముందు అక్కడ చూడండి. తర్వాత సికింద్రాబాద్ రాణిగంజ్, చెన్నై పుదుపేట.

దొరికాక అసలు పని. పైన వాల్వ్ కవరు ఉంటేనే హరికేన్. హెడ్ చదునుగా ఉండి ప్లగ్గులు పైనుంచే దిగి ఉంటే అది అంతకుముందుది, ఫ్లాట్‌హెడ్. 'విల్లీసే కదండీ' అని అంటగట్టే రకాలుంటారు. ఇంజన్ నంబరు బ్లాక్ ముందు భాగంలో, వాటర్ పంపు వెనకాల ఉబ్బెత్తుగా ఉన్నచోట కొట్టి ఉంటుంది. అక్కడ గ్రైండింగ్ గుర్తులు కనిపిస్తే బేరం కూడా ఆడకుండా వచ్చేయండి. తళతళలాడే సిల్వర్ పెయింట్ చూసి మోసపోవద్దు, నాకైతే జిడ్డు పట్టిన ఇంజన్ మీదే నమ్మకం. ఆయిల్ సంపు విప్పించి క్రాంక్‌షాఫ్ట్ ఎన్ని థౌ (అంగుళంలో వెయ్యో వంతు) గ్రైండ్ అయిందో కొలిపించండి. బేరింగులు దొరకనంతగా అరగదీసి ఉంటే బ్లాక్ ధరకే అడగండి. బిల్లు, ఆ ఇంజన్ దించిన బండి ఆర్సీ కాపీ లేకుండా పైసా ఇవ్వొద్దు.

మీ పాత ఇంజన్ని తుక్కుకి అమ్మేయకండి. క్యాబిన్‌లో చోటు ఇరుకు కాబట్టి మీ బండికి సరిపడ్డ బ్రాకెట్లు, లింకేజీలు, పైపులు దానిమీదే ఉన్నాయి. కొత్తగా తెచ్చినదానికి అవన్నీ బిగించి, బండి రోడ్డెక్కాకే మిగతా సంగతి.

ఇక డీజిల్ గురించి. మీ మెకానిక్ చెప్పినట్టు ఎక్కుతుంది, కాదనను. కానీ ఆ చప్పుడూ వేడీ మీ మోకాలి పక్కనే ఉంటాయి. పైగా 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటిన, సొంతానికి వాడే టూవీలరు లేదా ప్యాసింజరు బండి ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులేవీ లేకుండా ఉంటే 'వీఏ' సిరీస్ నంబరు ఇస్తారు. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి, బాడుగలకు మాత్రం కుదరదు. మీది పికప్ కాబట్టి ఈ రూల్స్ వర్తిస్తాయో లేదో ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి. డీజిల్ పెట్టారా, ఈ దారి మూసుకుపోయినట్టే. మామూలు రిజిస్ట్రేషన్ చాలనుకున్నా, ఇంజన్ మార్చే ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని, కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇందుకే ఉంది.

బ్లాక్ మెషిన్ షాపులో ఉన్నప్పుడే ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు చూపించి, అరిగి ఉంటే గట్టివి వేయించండి. పాతవి సీసం కలిసిన పెట్రోలు కాలం నాటివి, ఆ సీసమే సీట్లను అరగకుండా కాపాడేది. ఆ పెట్రోలు మన దేశంలో 2000లోనే ఆగిపోయింది. ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది కాబట్టి పెట్రోల్ పంపు డయాఫ్రమ్ (లోపలి పొర), రబ్బరు గొట్టాలు కూడా దాన్ని తట్టుకునే రకానివి కొత్తగా వేయించండి. పాత రబ్బరుతోనే నడిపితే అది ఉబ్బి కారుతుంది. సీటు పక్కనే వేడి ఇంజనున్న బండిలో పెట్రోలు కారకూడదు.