ఐదో పుస్తకం సినిమాగా మారితే: స్క్రీన్‌ప్లే రచయిత కావాలనుకునే విద్యార్థికి

ప్రశ్న: డిగ్రీ సెకండియర్ చదువుతున్నాను. హ్యారీ పాటర్ ఐదో పుస్తకం చదివాక సినిమా చూస్తే సగం కథ లేదనిపించి కోపం వచ్చింది. అలాంటి నవలల్ని సినిమాగా రాసే పని నేర్చుకోవాలని ఉంది. ఇంట్లో ఎంబీఏ చేయమంటున్నారు. దారి ఏమిటి సార్?

జవాబు: మీకు కోపం తెప్పించిన ఆ సినిమాతోనే మొదలుపెడదాం. సిరీస్‌లో అన్నిటికన్నా పెద్ద పుస్తకం అదే, బ్రిటిష్ ఎడిషన్ 766 పేజీలు. 2007లో వచ్చిన సినిమా మాత్రం 138 నిమిషాలు. అప్పటికి వచ్చిన ఐదు సినిమాల్లో అదే చిన్నది. మొదటి నాలుగూ రాసిన స్టీవ్ క్లోవ్స్ దీన్ని రాయలేదు, మైఖేల్ గోల్డెన్‌బర్గ్ రాశారు. ఆయన హ్యారీ ఒంటరితనాన్ని, కోపాన్ని పట్టుకుని, దానికి పనికిరానివి పక్కన పెట్టారు. చీపుర్ల మీద ఎగురుతూ ఆడే క్విడిచ్ ఆట పోయింది, ఆసుపత్రి ఘట్టాలు పోయాయి. పుస్తకంలో హ్యారీ నడిపే విద్యార్థుల రహస్య బృందాన్ని పట్టించేది, హ్యారీ ఇష్టపడే అమ్మాయి చో స్నేహితురాలు మారియెట్టా. సినిమాలో ఆ పని చో మీదే పడింది, అదీ నిజం కక్కించే మందు వల్ల. ఒక పాత్ర తగ్గింది, హ్యారీకి చోతో తెగిపోవడానికి కారణమూ దొరికింది. నాకైతే ఇది మంచి రచన.

సిరీస్ మధ్యలోని భాగం రాసేవాడికి ఉండే అసలు టెన్షన్ వేరు. ఈ స్క్రిప్ట్ రాసే నాటికి ఏడో పుస్తకం బయటికి రాలేదు. సినిమా విడుదలైన కొద్ది రోజులకే, 2007 జూలై 21న వచ్చింది. ఒక డ్రాఫ్టులో క్రీచర్ అనే ఇంటి సేవకుడిని తీసేశారు. రచయిత్రి రోలింగ్ చూసి, వాడిని తీసేస్తే ఏడో సినిమాలో చిక్కుల్లో పడతారని హెచ్చరించడంతో మళ్లీ పెట్టారు. హ్యారీ గాడ్‌ఫాదర్ సిరియస్ అతనికి ఇచ్చే మాయా అద్దం మాత్రం సినిమాలోకి రాలేదు. అందుకే 2010 సినిమాలో హ్యారీ చేతిలో అద్దం ముక్క కనిపిస్తే, పుస్తకం చదవనివాళ్లకు అది ఎక్కడిదో అర్థం కాదు. ముందు భాగాలు ఏం చెప్పేశాయో, రాబోయే భాగాలకు ఏం కావాలో లెక్క చూసుకుని కోయడమే ఈ పని. సీన్లు రాయడం దాని తర్వాత.

ఇక మీ సంగతి. డిగ్రీ మానొద్దు. పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ లాంటి ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థల్లో రచన కోర్సులకు డిగ్రీ అడుగుతారు, ప్రవేశ పరీక్ష కూడా ఉంటుంది. ఆలోగా సాధన మొదలుపెట్టండి. హ్యారీ పాటర్ మీద వద్దు. సరదాగా రాసుకుంటే సరే, హక్కులు లేకుండా దాన్ని ఎవరికీ అమ్మలేరు. మన దేశంలో నవలకు కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలకు ఆ గడువు ఎప్పుడో దాటింది. మొదటి భాగం కాకుండా చివరి భాగాల్లోంచి ఒక కథ ఎంచుకోండి. కాశీకి వెళ్తూ ప్రతి మజిలీలో కథ చెప్పే మణిసిద్ధుడు, వినే గోపుడు ఎవరో తెలియని ప్రేక్షకుడికి వాళ్లను చూపించాలా, మజిలీలు పూర్తిగా తీసేసి కథ ఒక్కటే చెప్పాలా? కథలో కథ వస్తే ఎంతవరకు ఉంచాలి? ముందు రెండు పేజీల్లో కథ, తర్వాత వన్‌లైన్ ఆర్డర్ (ఒక్కో సీనుకు ఒక్కో లైను చొప్పున వరుస), ఆ తర్వాతే డైలాగులు. తీసేసిన ప్రతిదాని పక్కనా ఎందుకు తీశారో ఒక వాక్యం రాసిపెట్టుకోండి. కథా చర్చల్లో కూర్చున్నప్పుడు మిమ్మల్ని అడిగేది అదే.

ఒక మాట సూటిగా చెప్పాలి. భారీ ఫాంటసీ సిరీస్‌లో నాలుగో భాగమో ఐదో భాగమో రాసే అవకాశం కొత్తవాళ్లకు రాదు. క్లోవ్స్ కూడా అంతకుముందు వండర్ బాయ్స్ అనే మామూలు నవలను సినిమాగా రాసినవారే. తెలుగులో మొదటి మెట్టు సాధారణంగా రచయిత దగ్గర అసిస్టెంట్‌గా చేరడం. మొదట్లో జీతం తక్కువ, కొన్నిచోట్ల అసలు ఉండదు. పేరు పడుతుందన్న హామీ కూడా లేదు. అందుకే మీ ఇంట్లోవాళ్ల భయాన్ని కొట్టిపారేయను. ఎంబీఏ ఎంట్రన్స్ రాస్తూనే ఈ ఏడాది ఒక స్క్రిప్ట్ పూర్తి చేయండి. అది అయ్యాక కూడా రెండోది మొదలుపెట్టాలనిపిస్తే, అప్పుడు ఆ రెండు స్క్రిప్టులూ ముందు పెట్టుకుని అమ్మానాన్నలతో మాట్లాడండి.