గ్లూకోజ్ పొట్లం పిల్ల చేతికి అందాలి

జాలహళ్లి, బెంగళూరు
మే నెల, ఆదివారం

చిరంజీవి శైలూ,

అమ్ములుని జూన్‌లో మళ్లీ బడికే పంపుతున్నావనీ, నువ్వు ఉద్యోగం మానట్లేదనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పటి నుంచి ఒక పక్క గర్వంగా ఉంది, ఇంకో పక్క గుండె దడగా ఉంది. ఏడేళ్ల పిల్ల. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక రోజూ సూదితో వేయాల్సిన టైప్ 1 డయాబెటిస్ అని తెలిసి మూడు నెలలు కూడా నిండలేదు. అయినా ఇంట్లో కూర్చోబెట్టకుండా తోటి పిల్లల మధ్యకి పంపుతున్నావు, మంచి పని చేస్తున్నావు. ఇక నా దడ సంగతి రాస్తాను. బళ్లో సిక్‌రూమ్ చూసుకున్న దాన్ని కనుక, ప్రమాదం ఏ మూల నుంచి వస్తుందో నాకు తెలుసు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. బళ్లో "పాపకి కాస్త షుగర్ ఉంది, మేం చూసుకుంటాం" అని మాత్రమే చెప్పావట. ఆడపిల్ల, రేపు సంబంధాలు చూసేటప్పుడు మాట వస్తుందని మీ అత్తగారు నలుగురికీ తెలియనివ్వద్దన్నారట. ఆవిడ భయం నాకు అర్థమవుతుంది, ఆవిడ పెరిగిన కాలం అలాంటిది. కానీ శైలూ, పెళ్లి ఎప్పటి మాట! మధ్యాహ్నం రెండింటికి క్లాసులో షుగర్ పడిపోవడం బడి తెరిచిన మొదటి వారంలోనే జరగొచ్చు. "కాస్త షుగర్" అనగానే టీచరమ్మకి గుర్తొచ్చేది వాళ్ల నాన్నగారి షుగర్. మాత్ర వేసుకుంటారు, స్వీట్లు మానేస్తారు, అంతే కదా అనుకుంటుంది. ఆ లెక్క మనసులో పెట్టుకుని, అమ్ములు చెమటలు కక్కుతుంటే పంచదార పెట్టడానికి జంకుతుంది. షుగర్ ఉన్న పిల్లకి చక్కెర ఎలా పెడతామని చదువుకున్న టీచర్లే అడుగుతారు. అందుకే నువ్వు ఇచ్చే కాగితంలో మొదటి వాక్యం ఇదే కావాలి: షుగర్ 70 కంటే తగ్గితే గ్లూకోజే మందు, వెంటనే పెట్టండి.

మీ ఆడపడుచు న్యూజెర్సీ నుంచి పంపిన 504 ప్లాన్ ఫారం, అదే పిల్లకి బళ్లో ఇవ్వాల్సిన సదుపాయాలు రాసుకునే కాగితం, మీ అమ్మ నాకు వాట్సాప్‌లో పెట్టింది. అక్కడ అమెరికాలో 1973 నాటి పునరావాస చట్టంలో 504వ సెక్షన్ ఉంది, దాని కింద బడి ఈ సదుపాయాలు ఇచ్చి తీరాలి. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఉన్న 21 రకాల్లో టైప్ 1 డయాబెటిస్ లేదు. అయినా చేతిలో ఏమీ లేదనుకోకు. 2023 మార్చిలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రాష్ట్రాల విద్యాశాఖలకి లేఖ రాసింది. డాక్టర్ చెప్పిన ప్రకారం పిల్లలు క్లాసులో షుగర్ చూసుకోవచ్చు, ఇన్సులిన్ తీసుకోవచ్చు, మధ్యలో చిరుతిండి తినొచ్చు, ఆటలాడొచ్చు అని అందులో ఉంది. దాన్ని ప్రింటు తీసి, డాక్టర్ లెటర్‌హెడ్ మీద రాయించిన ఉత్తరంతో కలిపి ప్రిన్సిపాల్‌కి ఇవ్వు. నకలు మీద స్టాంపు వేయించుకో. బడి తెరవక ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని, మా అల్లుణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్లు. పోట్లాటకి వెళ్లినట్టు వెళ్లకు. వాళ్లకీ భయమే, ఏం చేయాలో తెలియని భయం.

ఆ ఫారం పది పేజీలుంది. బళ్లో ఎవరూ చదవరు. దాంట్లోది ఒక్క పేజీకి కుదించు. పైన పాప ఫొటో, నీ నంబరు, అల్లుడి నంబరు, డాక్టర్ నంబరు. కింద అమ్ములుకి షుగర్ తగ్గితే కనిపించే గుర్తులు. పుస్తకంలో ఉన్న ఇరవై గుర్తులూ రాయకు, దానికి నిజంగా వచ్చే మూడు చాలు: కారణం లేకుండా ఏడుపు, చేతుల వణుకు, పిలిస్తే పలక్కుండా ఒకవైపే చూస్తూ ఉండటం, ఇలా. తర్వాత ఏం చేయాలో. ఒకవైపు ఇంగ్లీషు, ఇంకోవైపు కన్నడం. ఆయమ్మా, బస్సులో పిల్లల్ని చూసుకునే ఆవిడా చదివేది కన్నడమే. ఒక కాపీ హాజరుపట్టీ మొదటి పేజీకి అంటించమని అడుగు, క్లాస్ టీచర్ సెలవు పెట్టిన రోజు వచ్చే కొత్త టీచర్ ముందు తెరిచేది అదే. అమ్ములుకి కూడా ఒక్క వాక్యం నేర్పు: "నంగె శుగర్ కమ్మి ఆగిదె", అంటే నాకు షుగర్ తగ్గింది అని. క్లాసులో ఇంగ్లీషులో చెప్పుకుంటుంది సరే, మైదానంలో, బస్సులో ఆ కన్నడ ముక్కే అక్కరకొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా సిక్‌రూమ్‌లో నేనే పెట్టిన రూలు ఒకటుండేది. మందులన్నీ బీరువాలో, తాళం నా దగ్గర. గ్లూకోజ్ డబ్బా కూడా ఆ బీరువాలోనే. పిల్లకి నలతగా ఉంటే టీచర్ సిక్‌రూమ్‌కి పంపాలి. చూడటానికి ఎంత పద్ధతిగా ఉంది! ఆ పద్ధతి వల్లే ఒక మధ్యాహ్నం ఒక పిల్ల మెట్ల మలుపులో గోడకి చేరబడి కూర్చుండిపోయింది. ఆయమ్మ చూసింది కాబట్టి సరిపోయింది.

ఆ రూలు ఎందుకు తప్పో లెక్కేసి చెబుతాను. పన్నెండున్నరకి అన్నానికి ముందు వేసిన రాపిడ్ ఇన్సులిన్, అంటే త్వరగా పనిచేసే రకం, గంటా గంటన్నరకి బాగా జోరుమీద ఉంటుంది. డబ్బాలో సగం వదిలేసిందంటే రెండింటికల్లా షుగర్ కిందికి జారుతూ ఉంటుంది. అప్పుడు పిల్ల చెయ్యెత్తాలి. టీచర్ బోర్డు మీద రాస్తున్నది ముగించాలి. తర్వాత రెండంతస్తులు దిగాలి. సిస్టర్ భోజనానికి వెళ్లుంటే తాళంచెవి కోసం వెతకాలి. పది పదిహేను నిమిషాలు ఇట్టే పోతాయి, ఆ సేపంతా షుగర్ దిగుతూనే ఉంటుంది. నడిచే కాళ్లు ఉన్న కాస్త గ్లూకోజునీ వాడేసుకుంటాయి. మెదడుకి అందాల్సింది అందక, ఎక్కడికి బయల్దేరిందో పిల్లకే గుర్తుండదు. పక్కన చూసే పెద్దవాళ్లు ఉండరు. తోడుగా ఇంకో ఏడేళ్ల పిల్లని పంపితే ఆ పిల్లేం చేస్తుంది, బెదిరిపోతుంది.

కాబట్టి రెండు మాటలు ప్రిన్సిపాల్ చేత ఒప్పించుకో. షుగర్ తగ్గిన పిల్ల కూర్చున్న చోటు నుంచి కదలకూడదు, మందే దాని దగ్గరికి రావాలి. గ్లూకోజ్‌కి ఎక్కడా తాళం ఉండకూడదు. ఇన్సులిన్‌కి తాళం పెట్టమను, అది పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. రెండూ మందులే కదా అని ఒకే బీరువాలో పెట్టడం దగ్గరే నేను తప్పాను.

పొట్లాలు ఇలా కట్టు. పిల్లలకి కిలో బరువుకి 0.3 గ్రాముల గ్లూకోజ్ లెక్క. అమ్ములు 22 కిలోలు కాబట్టి 7 గ్రాములు సరిపోతుంది, మీ డాక్టర్ని ఒకసారి అడిగి ఖాయం చేసుకో. పెద్దవాళ్లకి చెప్పే 15 గ్రాములు దీనికి ఎక్కువ. మామూలు గ్లూకాన్-డి పొడిని వంటింటి డిజిటల్ తూకంలో తూచి చిన్న జిప్ కవర్లలో పొయ్యి. చెంచా కొలత నమ్మకు, ఒకరు తలగొట్టి పోస్తారు, ఒకరు గోపురంలా పోస్తారు. కవరు మీద "ఒక్కసారికి ఒకటి, పావు గ్లాసు నీళ్లలో" అని రాయి. నడుముకి కట్టుకునే పౌచ్‌లో రెండు, క్లాస్ టీచర్ బల్ల మీద మూత గట్టిగా ఉన్న డబ్బాలో నాలుగు, పీటీ సార్ దగ్గర రెండు, బస్సులో రెండు. కంప్యూటర్ ల్యాబ్‌కి వెళ్లినా, డ్రాయింగ్ గదికి వెళ్లినా పౌచ్ దాని నడుముకే ఉండాలి. వానాకాలం పొడి గడ్డకడుతుంది, చీమలు పడతాయి. నెలకోసారి అన్నీ మార్చు.

ఒక పొట్లం ఇచ్చాక పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఇంకా 70కి లోపే ఉంటే ఇంకో పొట్లం. ఈ పదిహేను నిమిషాలు ఓపిక పట్టడమే వాళ్లకి కష్టం. భయంతో వరసగా మూడు పొట్లాలు పోసేస్తారు, సాయంత్రానికి నీకు 320 కనిపిస్తుంది. చాక్లెట్, పాలు, బిస్కెట్ ఆ క్షణానికి పనికిరావు, కొవ్వు ఉన్నది రక్తంలోకి ఆలస్యంగా ఎక్కుతుంది. షుగర్ పైకి వచ్చాక, తర్వాతి తిండికి ఇంకా గంట పైన ఉంటే అప్పుడు రెండు బిస్కెట్లో అరటిపండో పెట్టొచ్చు. కోలుకున్నాక కూడా అరగంట, ముప్పావుగంట దాకా బుర్ర సరిగ్గా పనిచేయదు. ఆ సమయంలో డిక్టేషన్ పెట్టి మార్కులు వేయొద్దని కాగితంలో రాయి.

పిల్ల స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా నోట్లో ఏదీ పోయకూడదు, నీళ్లు కూడా. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి, తర్వాతే నీకు. ఈ వరస ఎర్ర అక్షరాల్లో రాయి. అలాంటప్పుడు షుగర్ పెంచే మందు గ్లూకగాన్ తెప్పించే వీలుందేమో డాక్టర్ని అడుగు.

మధ్యాహ్నం ఇన్సులిన్ ఎవరు వేస్తారనేది ముందే తేలాలి. మొదటి రెండు వారాలు నువ్వో అల్లుడో వెళ్లండి. ఆఫీసులో ఆ రెండు వారాలకి ఇంటి నుంచి పని అడుగు. ఆ రోజుల్లోనే సిస్టర్‌కీ ఇంకొకరికీ చేతితో చేయించి నేర్పించు. ఒక్కరికే నేర్పితే ఆవిడ సెలవు పెట్టిన రోజే నీకు మీటింగ్ ఉంటుంది. ఇన్సులిన్ పెన్‌కి సూది మార్చి, 2 యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క చూసుకుని, డోసు తిప్పి, పొడిచాక పది లెక్కపెట్టి తీయాలి. డోసు వాళ్లని లెక్కవేయమనకు. అన్నం తూచి డబ్బా కట్టు. వండిన అన్నం 100 గ్రాములకి సుమారు 28 గ్రాముల పిండిపదార్థం. చీటీ మీద ఆ అంకె రాసి మూతకి అంటించు, వాళ్లు చూసిన షుగర్ ఫోన్‌లో చెబితే యూనిట్లు నువ్వు చెప్పు. తిండి దగ్గర పేచీ పెట్టే పిల్ల కనుక డోసు తిన్నాక వేయొచ్చా, సగం ముందూ సగం తర్వాతా వేయొచ్చా అని డాక్టర్ని అడుగు. పక్కపిల్లకి పులిహోర ఇచ్చేసి వచ్చిన రోజు కూడా తిట్టకు. తిడితే రేపటి నుంచి దాచిపెడుతుంది, దాచిన ముద్ద నీ లెక్క తప్పిస్తుంది. ఖాళీ డబ్బా కంటే నిజం చెప్పే నోరు నీకు అవసరం.

బస్సంటే నాకు మహా భయం. మీ మారతహళ్లి వంతెన దగ్గర ఇరుక్కుంటే గంట ఎక్కడికీ పోదు. ఎక్కే ముందు షుగర్ చూడాలి. 100 లోపు ఉంటే ఏదైనా తిన్నాకే ఎక్కించాలి. ముందు సీటు అడుగు. బస్సులో తినకూడదన్న రూలు అమ్ములుకి వర్తించదని రాతలో తీసుకో.

ఆటల పీరియడ్‌కి ముందు కూడా అంతే. 90 లోపు ఉంటే గ్లూకోజ్ ఇచ్చి, పెరిగాక పంపాలి. ఆటలు మాన్పించి చెట్టు కింద కూర్చోబెట్టే సార్లుంటారు, ఒప్పుకోకు. స్పోర్ట్స్ డే ప్రాక్టీసు రోజుల్లో షుగర్ రాత్రికి కూడా పడుతుంది. అర్ధరాత్రి దాటాక ఒకసారి లేచి చూడు.

ఎక్కువైనప్పుడు దాహం, మాటిమాటికీ ఒంటేలు. మంచినీళ్ల సీసా బల్ల మీదే ఉండనివ్వాలి, బాత్రూమ్‌కి అడిగినప్పుడల్లా పంపాలి. 250 దాటి వాంతులో కడుపునొప్పో ఉంటే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూడాలి, నిన్ను పిలవాలి. ఆ రోజు ఆటలు వద్దు.

వేలు గుచ్చే ముందు చేతులు నీళ్లతో కడిగించు. మామిడిపండు తిన్న వేలు 300 చూపిస్తుంది. ఒంటికి అంటించి ఉంచే షుగర్ సెన్సర్ పెట్టిస్తే, అంకె చూడటానికి దాని దగ్గర పెట్టే రీడర్ కొనిపెట్టు, అప్పుడు బళ్లో ఫోన్ గొడవ ఉండదు. సెన్సర్ అంకె రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. పిల్ల వణుకుతూ ఉండి సెన్సర్ 95 అంటే పిల్లనే నమ్మాలి, వేలు గుచ్చి చూడాలి. తెరిచిన ఇన్సులిన్ పెన్ మామూలు గదిలో 28 రోజులు ఆగుతుంది. ఎండలో నిలిపిన కారులో మాత్రం మరిచిపోకు.

పుట్టినరోజు చాక్లెట్ దాని చేతిలోంచి ఎవరూ లాక్కోకూడదు. అందరితో పాటు తీసుకుని ఇంటికి తెస్తుంది, అన్నంతో పాటు లెక్కలో కలిపి పెడతావు. పరీక్షల బెంగ ఇప్పుడు వద్దు. టైప్ 1 పిల్లలు చక్కెర బిళ్లలు, పండు, నీళ్లు బోర్డు పరీక్ష హాలుకి తెచ్చుకోవచ్చని సీబీఎస్‌ఈ 2017లోనే చెప్పింది.

మీ అత్తగారితో నేను మాట్లాడతాను, నువ్వు ఆవిడతో వాదన పెట్టుకోకు. మనవరాలి మీద ప్రేమతో అన్న మాటే అది. నువ్వు రాత్రుళ్లు ఒక్కదానివే లేస్తున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. అల్లుడితో వంతులు వేసుకో. నిద్ర చాలని కళ్లతో యూనిట్లు తిప్పితే ఒకటి పక్కన సున్నా కనబడుతుంది.

వచ్చే ఆదివారం అమ్ములుని తీసుకుని రా. తూకం, జిప్ కవర్లు నా దగ్గరున్నాయి, గ్లూకోజ్ డబ్బా నువ్వు తెచ్చుకో. భోజనాల వేళకి పొట్లాలన్నీ కట్టేద్దాం, ఆ కన్నడ వాక్యం నేనే నేర్పుతాను. కుందలహళ్లిలో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో మారితే నేరుగా జాలహళ్లి. ఎక్కే ముందు దాని నడుముకి పౌచ్ ఉందో లేదో చూసుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ