రైల్లో కాదు, గుమ్మం దగ్గరే లేటవుతోంది

మీ ఆలస్యం రైల్లో కాదు, దానికి ముందూ వెనకా అవుతోంది. ఆరింటికే లేస్తున్నా హైదరాబాద్‌లో ఎల్బీ నగర్ నుంచి రాయదుర్గం ఆఫీసుకి పదింటికి చేరలేకపోతున్నానని రాశారు. కానీ లెక్కలో మెట్రో ప్రయాణ సమయం ఒక్కటే వేశారు.

1. రేపు ఒక్కరోజు ఫోన్‌లో నాలుగు టైములు రాసుకోండి: ఇంటి తాళం వేసినప్పుడు, రైలెక్కినప్పుడు, రాయదుర్గంలో దిగినప్పుడు, ఆఫీసు సీట్లో కూర్చున్నప్పుడు.

2. అందరూ వదిలేసేది ఇదే: లెక్క సీటు నుంచి వెనక్కి వేయాలి. ఆఫీసు లిఫ్ట్ దగ్గర క్యూ, స్టేషన్ బయట షేర్ ఆటో నిండేదాకా ఆగడం, అమీర్‌పేటలో ఎర్ర లైన్ దిగి నీలం లైన్‌కి మారడం, అక్కడ ఎక్కలేక ఒక రైలు వదిలేయడం. నేను కూడితే ఇవే 35 నిమిషాలు తేలాయి! ఇక ఉదాహరణకి ఎనిమిదింపావుకి బయల్దేరాలంటే ఆ టైముకి తాళం పడాలి. చెప్పులు వెతకడం మొదలుపెట్టడం కాదు.

3. టికెట్ ఇంటి దగ్గరే వాట్సాప్‌లో తీసుకోండి.

4. అమీర్‌పేటలో మెట్లకి ఎదురుగా ఏ బోగీ ఆగుతుందో చూసుకుని, ఎల్బీ నగర్‌లోనే అందులో ఎక్కండి. ఉన్నవి మూడే బోగీలు, రెండ్రోజుల్లో పట్టేస్తారు. పైగా మీది మొదటి స్టేషన్, సీటు కూడా దొరుకుతుంది, అదృష్టవంతులు.

5. ఐడీ కార్డు, ఛార్జర్ రాత్రే బ్యాగులో పడేయండి. లంచ్ బాక్స్ మూత కూడా. నాకు రోజూ లేటయ్యేది దానివల్లే.