కరెంటు డబ్బు ఎక్కడ పోతోందో ముందు చూడు

చిన్నా,

కరెంటు బిల్లు చూసి ఇంట్లో అందరి మీదా కేకలేస్తున్నావట, అక్క చెప్పింది. ఛార్జరు ప్లగ్గులో వదిలేశారని పిల్లల్ని తిడితే ఏమొస్తుందిరా, ఫోను లేకుండా ఊరికే వేలాడే ఛార్జరు నెలంతా కలిపినా ఒక యూనిట్ దరిదాపుల్లోకి రాదు.

లెక్క చాలా చిన్నది. 1000 వాట్ల సామాను గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 2000 వాట్ల గీజరు అరగంటలోనే ఆ యూనిట్ తాగేస్తుంది, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు నూరు గంటలు వెలిగినా అంత అవ్వదు. కాబట్టి వేడి చేసేవాటినీ చల్లబరిచేవాటినీ పట్టుకో, మిగతావి తర్వాత.

గీజరు నాబ్ చివరిదాకా తిప్పేసి, ఆ సలసల కాగే నీళ్లలో మళ్లీ బకెట్ నిండా చన్నీళ్లు కలుపుకుంటారు చూడు, అది నాకు అస్సలు నచ్చదు. నాబ్ తగ్గించు. స్నానాలన్నీ వరసగా కానిచ్చేసి స్విచ్ ఆపేయండి, లేకపోతే లోపలి నీళ్లు చల్లారినప్పుడల్లా అది మళ్లీ మళ్లీ కాస్తూనే ఉంటుంది.

ఏసీ 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందనేది ఉత్త భ్రమ, ఎక్కువసేపు నడుస్తుందంతే. 26లో పెట్టి ఫ్యాను చిన్నగా వేసుకో, ఫిల్టరు తీసి కడుగు. ఫ్రిజ్ తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగు. సులువుగా జారి వచ్చేసిందంటే రబ్బరు వదులైపోయినట్టే, లోపలి చల్లదనం బయటికి పోతోంది. రబ్బరు ఒక్కటి మార్పిస్తే సరిపోయేదానికి కొత్త ఫ్రిజ్ కొనమని ఎవరైనా చెబితే వినకు.

ఇవన్నీ చేసినా బిల్లు తగ్గకపోతే, ఓ రాత్రి ఇంట్లో అన్ని స్విచ్‌లూ ఆపేసి, ఫ్రిజ్, టీవీ, ఇన్వర్టరు ప్లగ్గులు కూడా పీకేసి, మెయిన్ మాత్రం అలాగే ఉంచి మీటర్ దగ్గర కాసేపు నిలబడు. ఎర్ర లైటు ఇంకా మినుకుమంటోందంటే వైరింగులో ఎక్కడో లీకేజీ ఉండాలి, లేదా ఇంకెవరి లైనో నీ మీటరుకు తగిలించి ఉండాలి. నువ్వు గెలకొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలువు.

పాత ఫ్యాన్లు మార్చాలా అని అడిగావు కదా. పాతవి 75 వాట్ల దాకా లాగుతాయి, బీఎల్‌డీసీవి, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారు ఫ్యాన్లు, 30 చుట్టూ. రాత్రింబవళ్లు తిరిగే గదిలో మార్చు, ఎప్పుడో ఒకప్పుడు వేసే గదిలో పాతదే ఉండనీ, అక్కడ పెట్టిన డబ్బు ఇప్పట్లో తిరిగి రాదు.

మీ మామయ్య